ఫోన్‌లో పడిన డబ్బు, పన్ను లెక్క

ఆకాశవాణి శ్రోతలందరికీ నమస్కారం.

విజయవాడ బీసెంట్ రోడ్డులో తోపుడుబండి దగ్గర జడపిన్నులు కొన్నా, గుంటూరు బ్రాడీపేటలో నిలబడి టీ తాగినా, జేబులోంచి చిల్లర తీసేవారు తగ్గిపోయి, ఫోన్ తీసి స్కానర్ ముందు పెట్టేవారు ఎక్కువయ్యారు. 2016లో యూపీఐ వచ్చిన తరువాత పట్టుబడిన అలవాటు ఇది. డబ్బు ఇచ్చేవారికి దీనితో పేచీ ఏమీ లేదు. పుచ్చుకునే చిన్న వ్యాపారులను, ఇంటి దగ్గర పాఠాలు చెప్పుకునేవారిని, జాకెట్లు కుట్టేవారిని మాత్రం ఒక సందేహం వదలడం లేదు. ఫోన్‌లో పడిన సొమ్మంతటికీ ఆదాయపు పన్ను కట్టాలా?

ఈ సందేహం భయంగా మారడానికి కారణం ఉంది. 2025 జూలైలో కర్ణాటకలోని హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి, నాలుగేళ్లలో ఆయనకు యూపీఐ ద్వారా 1.63 కోట్ల రూపాయలు అందాయన్న లెక్కతో, 29 లక్షల రూపాయల జీఎస్టీ కట్టాలని నోటీసు వచ్చింది. తాజా కూరగాయలకు అసలు జీఎస్టీయే లేదు. ఆ రోజుల్లో బెంగళూరులో ఎందరో దుకాణదారులు స్కానర్ కాగితాలు తీసేసి, నగదు మాత్రమే తీసుకుంటామని బోర్డులు పెట్టుకున్నారు. ఆ వార్త మన ఊళ్లకు చేరేసరికి జీఎస్టీ కాస్తా ఆదాయపు పన్ను అయింది, నోటీసు కాస్తా జరిమానా అయింది. ఈ రెండు పన్నులూ వేరు, వాటి లెక్కలూ వేరు. ఈ రోజు నేను ముఖ్యంగా మాట్లాడేది ఆదాయపు పన్ను గురించి.

యూపీఐ మీద ప్రత్యేకంగా ఆదాయపు పన్ను ఏదీ లేదు. నగదుగా వచ్చినా, చెక్కుగా వచ్చినా, ఫోన్‌లో పడినా పన్ను చట్టం వేసే ప్రశ్న ఒక్కటే: ఈ డబ్బు ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నను దయచేసి గుర్తుంచుకోండి, ఎందుకంటే ఇక ముందు నేను చెప్పే లెక్కంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

సత్యనారాయణపురంలో ఇంటి ముందు గదిలోనే కర్రీ పాయింట్ నడిపే ఒక ఇల్లాలు నాకు తెలుసు. తెల్లవారుజామున కాళేశ్వరరావు మార్కెట్టుకు వెళ్లి కూరలు తెచ్చుకుని, పదకొండు గంటలకల్లా పప్పు, రెండు వేపుళ్లు, సాంబారు, ఒక పచ్చడి సిద్ధం చేసే మనిషి. ఆవిడ బ్యాంకు స్టేట్‌మెంటు కట్టను తెచ్చి నా ముందు పెట్టి, "మాష్టారూ, ఏడాదిలో పద్దెనిమిది లక్షల అరవై రెండు వేలు జమ అయిందట. అంతటికీ పన్ను కట్టాలంటున్నాడు మా మేనల్లుడు. అంత డబ్బు నేనెప్పుడు చూశానండీ?" అని అడిగింది. ఎప్పుడూ చూడకపోవడం నిజమే. వచ్చింది వచ్చినట్టు నూనె డబ్బాకూ గ్యాసు బండకూ పోతుంటే ఎవరికైనా ఎలా కనిపిస్తుంది?

ఒక ఎర్ర పెన్సిలు, ఒక నీలం పెన్సిలు పెట్టుకుని కూర్చున్నాము. పన్ను లెక్కలోకి వచ్చేదానికి ఎరుపు, రానిదానికి నీలం. ప్రతి జమ దగ్గరా అదే ప్రశ్న: ఈ డబ్బు ఎందుకు వచ్చింది? నలభై రూపాయలు, అరవై రూపాయలు, నూట ఇరవై రూపాయలు. ఇవన్నీ కూరల డబ్బులు, వీటికి ఎరుపు. డబ్బు చేరుతుందో లేదో చూద్దామని ఎవరో పంపిన ఒక్క రూపాయి జమలు కూడా అక్కడక్కడా కనబడ్డాయి, వాటినీ ఎరుపులోనే కలిపేశాము. ఈ కూరల డబ్బు మొత్తం 14 లక్షలు తేలింది. నెలనెలా మొదటి వారంలో పడిన 20 వేలు హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు ఇంటి ఖర్చులకు పంపినవి, ఏడాదికి 2 లక్షల 40 వేలు, నీలం. తోడికోడలు చేబదులు తీర్చిన లక్షా 50 వేలు, నీలం. కార్తీక మాసంలో వీధిలోని ఆడవాళ్లందరూ కలిసి పంచారామాలకు బస్సు మాట్లాడుకున్నప్పుడు, మనిషికి 1,500 చొప్పున 42 మంది ఈవిడ ఫోన్‌కే పంపారు. ఆ 63 వేలూ నాలుగో రోజున బస్సు యజమానికి వెళ్లిపోయాయి, అదీ నీలం. చివరికి బ్యాంకువారు వేసిన వడ్డీ 9 వేలు మిగిలింది. ఇది వ్యాపారంలోనిది కాకపోయినా ఆదాయమే, కనుక ఎరుపు.

కొడుకు తల్లికి పంపిన డబ్బు ఆవిడకు ఆదాయం కాదు, ఎంతైనా కాదు. దగ్గరి బంధువులు ఇచ్చిన దానికి పరిమితి లేదు. బయటివారు బహుమతిగా ఇచ్చినది ఏడాది మొత్తం మీద 50 వేలు దాటితే మాత్రం, దాటిన భాగం ఒక్కటే అనుకునేరు, మొత్తం అంతా ఆదాయంలో కలుస్తుంది. పెళ్లి సందర్భంగా పెళ్లికూతురికో పెళ్లికొడుక్కో వచ్చిన కానుకలకు మినహాయింపు ఉంది. ఇక్కడ మనవాళ్లు పొరపడే చోటు ఒకటి ఉంది. మేనమామ, పినతల్లి, తోబుట్టువులు చట్టం చెప్పే బంధువుల జాబితాలో ఉన్నారు. మన ఇళ్లలో సొంత అన్నయ్యలాగే చూసుకునే పెదనాన్నగారి అబ్బాయి మాత్రం ఆ జాబితాలో లేడు. ఆయన ప్రేమతో లక్ష రూపాయలు పంపితే అది చట్టం దృష్టిలో బయటివారి బహుమతే. నాకు ఇది న్యాయంగా తోచదు, కాని నిబంధన అలాగే ఉంది.

మళ్లీ కర్రీ పాయింటుకు వద్దాము. స్టేట్‌మెంటులో కనబడని డబ్బు కూడా ఆవిడకు ఉంది. నగదు ఇచ్చి కూరలు తీసుకెళ్లినవారి లెక్క ఆవిడ ఒక నోటు పుస్తకంలో రోజువారీగా రాసుకుంది, అది 3 లక్షలు. ఖాతాలో పడలేదు కదా అని దాన్ని వదిలేయడానికి వీల్లేదు. అంటే అమ్మకాలు మొత్తం 17 లక్షలు.

ఇప్పుడు పన్ను. చిన్న వ్యాపారులు రసీదులన్నీ దాచి పద్దులు రాయనక్కర లేకుండా చట్టం ఒక సులువైన పద్ధతి ఇచ్చింది. ఏడాది అమ్మకాలు 2 కోట్లు దాటనివారు, నగదు 5 శాతానికి మించకపోతే 3 కోట్లు దాటనివారు, బ్యాంకు ద్వారానో ఫోన్ ద్వారానో వచ్చిన అమ్మకాల మీద 6 శాతాన్ని, నగదు అమ్మకాల మీద 8 శాతాన్ని లాభంగా చూపవచ్చు. కమీషను మీద బతికేవారికి ఈ వెసులుబాటు వర్తించదు. ఈవిడ విషయంలో 14 లక్షల మీద 84 వేలు, 3 లక్షల మీద 24 వేలు, వెరసి లక్షా 8 వేలు. చూశారా, నగదుకే ఎక్కువ శాతం! స్కానర్ తీసేసి నగదు బోర్డు పెట్టినవారు ఈ పద్ధతిలో ఎక్కువ లాభం చూపవలసి వస్తుంది.

కాని లక్షా 8 వేలతో పని అయిపోలేదు. 6 శాతం, 8 శాతం అన్నవి కనీసపు అంకెలు. నిజంగా అంతకన్నా ఎక్కువ మిగిలితే, మిగిలినదే చూపాలి. "అమ్మా, ఖర్చులన్నీ పోగా నెలకు మీ చేతిలో ఎంత నిలుస్తుంది?" అని అడిగాను. కొంచెం ఆలోచించి, "నలభై వేలు నిలుస్తుందండీ" అంది. ఏడాదికి 4 లక్షల 80 వేలు, వడ్డీతో కలిపి 4 లక్షల 89 వేలు. నేను చెబుతున్నది 2025-26 ఆర్థిక సంవత్సరపు లెక్క. కొత్త పన్ను విధానంలో మొదటి 4 లక్షలకు పన్ను లేదు, ఆ పైన 8 లక్షల దాకా 5 శాతం. 89 వేల మీద 4,450 రూపాయలు. అయితే మొత్తం ఆదాయం 12 లక్షలు దాటనివారికి ఇలాంటి ఆదాయం మీద రిబేటు, అంటే పన్ను తగ్గింపు, ఉంది కనుక, ఆ 4,450 కూడా రద్దయి, కట్టవలసినది సున్నా అవుతుంది.

కట్టవలసినది సున్నా అయినా రిటర్ను, అంటే ఏడాది ఆదాయపు లెక్క, పన్ను శాఖకు దాఖలు చేయాలి. ఆదాయం 4 లక్షలు దాటింది కాబట్టి చేయాలి. పన్ను లేదు కదా అని రిటర్ను మానేసేవారే ఎక్కువ, చిక్కుల్లో పడేదీ వారే. ఆవిడ సుగమ్ అనే నాలుగో నంబరు ఫారంలో రిటర్ను వేసింది.

జీఎస్టీ గురించి ఒక్క మాట. మన ఆంధ్రప్రదేశ్‌లో కేవలం సరుకులు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల దాకా నమోదు అక్కర లేదు. వండి అమ్మే భోజనం సేవల కిందికి వస్తుంది కనుక దానికి హద్దు 20 లక్షలే. ఈవిడ 17 లక్షల దగ్గర ఉంది, వచ్చే ఏడాది కనిపెట్టుకుని ఉండాలి.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి, 6 శాతం, 8 శాతం లెక్క మారలేదు.

ఇంత పెన్సిలు పని ఎందుకు పడింది? కూరల డబ్బు, కొడుకు డబ్బు, యాత్ర డబ్బు ఒకే ఖాతాలో కలిసిపోవడం వల్ల. అందుకే నేను శ్రోతలను కోరేది ఒక్క పని: వ్యాపారానికి వేరే ఖాతా పెట్టుకోండి. అది వ్యాపారులకు ఇచ్చే కరెంటు ఖాతాయే కావాలా, అక్కర లేదా అన్నది బ్యాంకువారినే అడగండి. ఏ ఖాతా అయినా ఇంటి డబ్బు అందులో పడకూడదు. స్కానర్ ఆ ఖాతాదే అయి ఉండాలి. చేబదులు ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు, ఫోన్‌లో వివరం రాసే చోట "చేబదులు" అని ఒక్క మాట రాయండి.

బండి మీద అంటించిన స్కానర్ ఎవరి పేరున ఉందో కూడా ఈ రోజే చూసుకోండి. తండ్రి బండి మీద ఇంజనీరింగు చదివే కొడుకు స్కానర్ ఉన్న చోట్లు మన ఊళ్లో ఎన్నో చూశాను. అమ్మకాలన్నీ ఆ కుర్రవాడి ఖాతాలో పడతాయి, రేపు వాడు ఉద్యోగంలో చేరి రిటర్ను వేసేనాడు జవాబు చెప్పుకోవలసిందీ వాడే. అలా ఉంటే తండ్రి పేరున కొత్త స్కానర్ తెప్పించుకుని, పాతది చించేసి, మార్చిన తేదీని నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. అంతకు ముందు కొడుకు ఖాతాలో పడిన అమ్మకాలను తండ్రి రిటర్నులోనే చూపాలి, ఆ ఖాతా స్టేట్‌మెంటు కూడా దాచాలి.

సెలవు, నమస్కారం.