కొత్త ఆల్బమ్ వచ్చిన మొదటి వారం

అందరికీ నమస్కారం. ఈ హాల్లో సగంమంది బ్యాండ్ల బొమ్మలున్న టీషర్టుల్లోనే వచ్చారు కాబట్టి రాక్ అంటే ఏమిటో వివరించే పని నాకు తప్పింది. నేరుగా విషయంలోకి వెళ్తాను.

ప్రాణంగా చూసుకునే బ్యాండ్ నుంచి కొత్త ఆల్బమ్ వచ్చిన మొదటి వారంలో మనం చేసే గోల గురించి మాట్లాడాలనుకుంటున్నాను. "ఏళ్ల తరబడి ఎదురుచూస్తే ఇదా ఇచ్చేది?" అనేవాళ్లు ఒక పక్క, "మీకు వినడం రాదు" అనేవాళ్లు ఇంకో పక్క. ఆ వారం మన నోట వచ్చే మాటల్లో ఎక్కువ భాగం పాత ఆల్బమ్ గురించే అని నా అభిప్రాయం. అయితే ఆ గోలలోనే చెవిపెట్టి వినాల్సిన ఫిర్యాదులూ ఉంటాయి. ఏది ఏదో ఎలా పోల్చుకోవాలన్నదే నా గొడవ.

వీజర్ అనే అమెరికన్ బ్యాండ్‌తో మొదలుపెడతాను. 1994లో నీలం అట్టతో వచ్చిన మొదటి ఆల్బమ్ వాళ్లకు బోలెడంత పేరు తెచ్చిపెట్టింది. హుషారైన ట్యూన్లు, ఒకసారి వింటే నాలుక మీద ఆడే పాటలు. రెండేళ్లకు, 1996 సెప్టెంబరులో ‘పింకర్టన్’ వచ్చింది. గిటార్లు గరగరలాడుతున్నాయి. గాయకుడు రివర్స్ క్వోమో తన ఒంటరితనాన్నీ, పైకి చెప్పుకోలేని కోరికల్నీ దాపరికం లేకుండా పాడేశాడు. అభిమానులు బిత్తరపోయారు. ఆ ఏడాది రోలింగ్ స్టోన్ పత్రిక పాఠకులు ఓటేసి మరీ దాన్ని చెత్త ఆల్బమ్‌ల జాబితాలో పడేశారు. క్వోమో ఎంతగా నొచ్చుకున్నాడంటే, ఆ తర్వాత కొన్నేళ్లకు తన ఆల్బమ్‌ను తానే తిట్టిపోశాడు. ఈలోపు కొత్త కుర్రకారు ఒకరి దగ్గర్నుంచి ఒకరు తీసుకుని వింటూ పోయారు. 2002లో అదే పత్రిక పాఠకులు అదే ఆల్బమ్‌ను గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో 16వ స్థానంలో కూర్చోబెట్టారు. 2010లో బ్యాండ్ దాన్ని మొదటినుంచి చివరిదాకా వేదిక మీద వాయించింది. ఇన్నేళ్లలోనూ ఆల్బమ్‌లో ఒక్క స్వరం కూడా మారలేదన్నది గమనించండి.

దీనికి కొంత కారణం మన బుర్రలోనే ఉంది. రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో ఒక పరిశోధన ప్రచురించాడు. అర్థం లేని పదాలు, తెలియని లిపిలోని అక్షరాలు జనానికి చూపించాడు. వేటిని ఎక్కువసార్లు చూశారో అవే వాళ్లకు బాగున్నట్టు అనిపించాయి. పాత ఆల్బమ్‌ను మనం వందలసార్లు విని ఉంటాం. ఎక్కడ డ్రమ్ పడుతుందో, ఎక్కడ గాయకుడు ఊపిరి పీలుస్తాడో కూడా తెలుసు. దాని పక్కన నిన్న రాత్రి వచ్చిన పాటను నిలబెట్టి పోల్చడం అన్యాయం కాదా? అలాగని ఏదైనా పదేపదే వింటే బాగుంటుందని నేననను. విని విని విసుగెత్తిన పాటలు మనందరికీ ఉన్నాయి.

రేడియోహెడ్ సంగతి ఇంకో రకం. 1997లో ‘ఓకే కంప్యూటర్’తో గిటార్ బ్యాండ్లలో మొదటి వరసలో కూర్చున్నారు. 2000 అక్టోబరులో ‘కిడ్ ఏ’ వచ్చింది. మొదటి పాటలోనే గిటార్ లేదు. కీబోర్డు, దాని మీద ముక్కలు ముక్కలుగా కోసి అతికించిన థామ్ యార్క్ గొంతు. రుచి చూపించడానికి ముందుగా ఒక్క సింగిల్, అంటే విడి పాట కూడా విడుదల చేయలేదు. విమర్శకుల్లోనే కొందరు మొహం చిట్లించారు. అభిమానులు మాత్రం కొంత ముందుగానే సర్దుకున్నారు. ఎలాగంటే, ఆ వేసవిలో బ్యాండ్ కొత్త పాటల్ని కచేరీల్లో వాయిస్తోంది. బార్సిలోనాలో వాయించిన మర్నాటికే ఆ రికార్డింగ్ ఇంటర్నెట్‌లో పాటలు పంచుకునే నాప్‌స్టర్‌లో తిరుగుతోంది. మూడు వారాల తర్వాత ఇజ్రాయెల్ వెళ్తే అక్కడి జనానికి పాటల మాటలన్నీ నోటికి వచ్చేశాయని బాస్ గిటార్ వాయించే కోలిన్ గ్రీన్‌వుడ్ చెప్పాడు. ఆల్బమ్ ఇంకా దుకాణానికే చేరలేదు! పదేళ్లు తిరిగేసరికి రోలింగ్ స్టోన్, సంగీత సమీక్షల సైటు పిచ్‌ఫోర్క్ రెండూ ఆ దశాబ్దపు అత్యుత్తమ ఆల్బమ్‌గా దాన్నే ఎంచాయి.

ఇంతవరకూ విన్నవాళ్లు "అయితే అభిమానులదే తప్పంటావు" అనుకోవచ్చు. అలా అనను. అందుకే మెటాలికా దగ్గర కాసేపు ఆగుతాను.

2003 జూన్, ‘సెయింట్ యాంగర్’. స్నేర్ డ్రమ్ అడుగున సన్నటి లోహపు తీగలు వరసగా చర్మానికి ఆనుకుని ఉంటాయి. పైన కర్ర దెబ్బ పడగానే అవి అదిరి ‘ఛట్’ మనే పదును ఇస్తాయి. పక్కనున్న చిన్న మీట దించితే తీగలు చర్మాన్ని వదిలేస్తాయి. అప్పుడు మిగిలేది ‘టంగ్’ మనే బోలు మోత. డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ ఆ తీగల్ని వదిలేసే వాయించాడు. ఆల్బమ్ నిడివి 75 నిమిషాలు. పైగా గిటారిస్టు కర్క్ హామెట్ పాట మధ్యలో ఒంటరిగా వాయించే సోలో ఒక్కటీ లేదు. అభిమానులు ఆ డ్రమ్ మోత మీదా, సోలోలు లేకపోవడం మీదా విరుచుకుపడ్డారు. నన్నడిగితే ఈ రెండు ఫిర్యాదులూ ఒకటి కావు. సోలోలు లేవన్నది పాత ఆల్బమ్‌ల మీద బెంగ. సోలో లేకుండా మంచి పాట ఉండకూడదని రూలేమీ లేదు. డ్రమ్ మోత మీద ఫిర్యాదు మాత్రం చెవిది. అది గిటార్ మీదా గొంతు మీదా పడి ముందుకొస్తుంది, తప్పించుకోలేం. లార్స్ ఆ మోతను తర్వాత కూడా సమర్థించుకుంటూనే వచ్చాడు. ఆ మొండితనం నాకు నచ్చుతుంది, మోత మాత్రం ఇప్పటికీ నచ్చదు.

2008 సెప్టెంబరులో ‘డెత్ మాగ్నెటిక్’ వచ్చింది. సోలోలు తిరిగొచ్చాయి, పొడవాటి పాటలు తిరిగొచ్చాయి, అందరూ సంబరపడాలి. పడ్డారు కూడా. కానీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నవాళ్లకు ఏదో తేడా కొట్టింది. డ్రమ్ పడినప్పుడల్లా శబ్దం చిట్లుతోంది. అదే పాటలు ‘గిటార్ హీరో’ అనే వీడియో గేమ్‌లో కూడా విడుదలయ్యాయి. కొందరు అభిమానులు ఆ గేమ్‌లోంచి పాటల్ని బయటికి తీసి, సీడీలోని పాటల పక్కన పెట్టి, రెండింటి తరంగాల బొమ్మలూ కంప్యూటర్లో చూశారు. గేమ్‌లోని బొమ్మలో ఎత్తుపల్లాలున్నాయి. సీడీ బొమ్మ ఈ చివర నుంచి ఆ చివరకు నిండుగా నలుపు, పైనా కిందా కత్తిరించినట్టు సమంగా ఉంది. శబ్దం పెద్దగా వినిపించాలన్న ఆత్రంలో పైకొచ్చిన ప్రతి అంచునూ నొక్కేశారన్నమాట. "బాగున్నారా" అన్న మాట కూడా అరిచి చెప్పే మనిషి పక్కన గంటసేపు కూర్చున్నట్టుంటుంది.

వేలమంది సంతకాలు చేసి మళ్లీ మిక్స్ చేయమని, అంటే వాయిద్యాల పాళ్లు మళ్లీ కలపమని అడిగారు. చివరి దశలో మాస్టరింగ్, అంటే విడుదలకు ముందు శబ్దానికి తుది మెరుగు పెట్టే పని చేసిన టెడ్ జెన్సన్ తన దగ్గరకు వచ్చేసరికే ఆ మిక్స్‌లు అలా నొక్కేసి ఉన్నాయని ఒక అభిమానికి రాసిన జవాబు బయటికొచ్చింది. ఏ జీతమూ లేకుండా, కేవలం ఇష్టం కొద్దీ అభిమానులు చేసిన పరిశీలన అది. ఏ సమీక్షకుడూ అంత ఓపిగ్గా చేయడు.

ఇదే బ్యాండ్ 1988 నాటి ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’లో బాస్ గిటార్ దాదాపు వినపడదు. అభిమానులే జేసన్ న్యూస్టెడ్ బాస్‌ను పైకి తెచ్చిన తమ సొంత మిక్స్‌లు చేసి పంచుకుంటూ ఉంటారు. 2018లో ఆల్బమ్‌ను రీమాస్టర్ చేసినా బ్యాండ్ ఆ మిక్స్ జోలికి పోలేదు. ఎవరి పంతం వాళ్లది.

నేను వాడే కొలబద్ద ఇదే. ఫిర్యాదు చేసే మనిషి వేలు పెట్టి ఒక చోటు చూపించగలిగితే, ‘ఇక్కడ, ఈ డ్రమ్, ఈ బాస్’ అనగలిగితే, నేను వెంటనే వింటాను. "మారిపోయారు", "అమ్ముడుపోయారు" అంటే కొన్నాళ్లు ఆగుతాను. 1996లో ‘లోడ్’ వచ్చినప్పుడు మెటాలికా నలుగురూ జుట్టు కత్తిరించుకుని కనిపించారు. ఆల్బమ్ గురించి జరిగిన చర్చలో జుట్టుకు చాలా పెద్ద వాటా దక్కింది. క్షవరం స్పీకర్లో వినపడదు కదా!

టూల్ అనే బ్యాండ్ అభిమానులు 13 ఏళ్లు ఎదురుచూశాక 2019 ఆగస్టులో ‘ఫియర్ ఇనాక్యులమ్’ వచ్చింది. డిజిటల్ రూపంలో అది 86 నిమిషాలు. అలాంటిదాని మీద అరగంటలో తీర్పు ఎలా చెబుతారో నాకు అర్థం కాదు.

ఎదురుచూపు అంటే గుర్తొచ్చింది. 2014 సెప్టెంబరు 9న యూటూ బ్యాండ్ తమ కొత్త ఆల్బమ్‌ను యాపిల్ వారి ఐట్యూన్స్ ఖాతాలున్న దాదాపు 50 కోట్లమందికి ఉచితంగా, అడక్కుండానే ఇచ్చేసింది. జనం మండిపడ్డారు. వారం తిరగకుండా యాపిల్ దాన్ని తీసేసుకునే సదుపాయం కల్పించాల్సి వచ్చింది. తర్వాత బ్యాండ్ గాయకుడు బోనో పొరపాటైపోయిందని ఒప్పుకున్నాడు. పాపం, ఆ ఆల్బమ్‌లో పాటలెలా ఉన్నాయన్న మాట ఆ గోలలో మరుగున పడిపోయింది. ఎన్నేళ్లుగానో ఆ బ్యాండ్‌ను వింటున్నవాళ్లకు కూడా అది తాము వెతికి తెచ్చుకున్నది కాకుండా పోయింది.

చివరగా లింకిన్ పార్క్. 2017 మే 19న ‘వన్ మోర్ లైట్’ వచ్చింది. వాళ్ల తొలి ఆల్బమ్ ‘హైబ్రిడ్ థియరీ’ అరుపులతో పెరిగినవాళ్లకు ఆ మెత్తటి పాప్ శబ్దం మింగుడుపడలేదు. గాయకుడు చెస్టర్ బెనింగ్టన్ ఓపిక నశించి, పాత ఆల్బమ్ దగ్గరే ఆగిపోయినవాళ్ల మీద ఇంటర్వ్యూలో గట్టిగానే విసుక్కున్నాడు. జూలై 20న అతను చనిపోయాడు. ఆల్బమ్ పేరే పెట్టుకున్న పాట, క్యాన్సర్‌తో పోయిన ఒక స్నేహితురాలి కోసం బ్యాండ్ చేసుకున్నది. రెండు నెలల కిందట దాన్ని నీరసంగా ఉందన్నవాళ్లే ఇప్పుడు అతన్ని తలుచుకుంటూ అదే పాట పెట్టుకున్నారు. నాకు ఆ ఆల్బమ్‌లో సగం పాటలు ఇప్పటికీ పలచగానే అనిపిస్తాయి. మనిషి పోయాడని మాట మార్చుకోవడం అతనికి గౌరవమని నేననుకోను. ఆ ఒక్క పాట విషయంలో మాత్రం మొదటి వారంలో చాలామంది తొందరపడ్డారు.

2024 నవంబరులో అదే బ్యాండ్ కొత్త గాయని ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతుతో ‘ఫ్రమ్ జీరో’ తెచ్చింది. ఈసారి తీర్పులు సెప్టెంబరులో ఆమె పేరు ప్రకటించిన రోజే వచ్చేశాయి. ఆల్బమ్ వినడానికి ఇంకా రెండు నెలలు టైముంది!

అభిమానులు నోరు మూసుకుని వినాలని మాత్రం నన్ను చెప్పమనకండి. ఆ గోల లేకపోతే డెత్ మాగ్నెటిక్‌లో ఏం జరిగిందో మనకు తెలిసేదే కాదు. ఇక నేను ఆపుతాను. స్నేర్ డ్రమ్ విషయంలో నాతో పోట్లాడాలనుకునేవాళ్లు చేతులెత్తండి, మైకు ముందు మీకే.