ఈజ్ అనాలా, ఆర్ అనాలా?

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లీషులో కర్త ఏకవచనమైతే క్రియ ఏకవచనం, కర్త బహువచనమైతే క్రియ బహువచనం. ఈ సూత్రం హైస్కూలు పిల్లలందరూ అప్పజెబుతారు. అయినా రాసేటప్పుడు తప్పు పడుతూనే ఉంటుంది. సూత్రం వచ్చు, వాక్యంలో కర్త ఏదో దొరకదు. చిక్కంతా అక్కడే.

ఒక వాక్యం చూద్దాం. 'ద లిస్ట్ ఆఫ్ సెలెక్టెడ్ క్యాండిడేట్స్...' ఇక్కడ ఆగుదాం. తర్వాత ఈజ్ రావాలా, ఆర్ రావాలా? నోటికి ముందుగా వచ్చేది ఆర్. ఎందుకంటే చెవిలో చివరగా పడిన మాట క్యాండిడేట్స్. బహువచనం, పైగా క్రియకు ఆనుకునే ఉంది. కానీ నోటీసు బోర్డు మీద ఉన్నదేమిటి? అభ్యర్థులా? కాదు కదా, జాబితా. జాబితా ఒకటే. కాబట్టి ఈజ్. 'ద లిస్ట్ ఆఫ్ సెలెక్టెడ్ క్యాండిడేట్స్ ఈజ్ ఆన్ ద నోటీస్ బోర్డ్.'

ఇదే మాట తెలుగులో చెప్పండి. 'ఎంపికైన అభ్యర్థుల జాబితా బోర్డు మీద ఉంది.' ఇక్కడ 'ఉన్నారు' అని ఎవరూ అనరు. తెలుగులో అభ్యర్థులు ముందే వచ్చి తప్పుకుంటారు, జాబితా వాళ్ల తర్వాత వస్తుంది, క్రియ దానితో కలుస్తుంది. ఇంగ్లీషులో వరస తిరగబడుతుంది. జాబితా ముందు, తర్వాత ఆఫ్, ఆ తర్వాత అభ్యర్థులు. క్రియ వచ్చేసరికి అసలు కర్త నాలుగు మాటల వెనక ఉండిపోతుంది.

ఈ తడబాటు మనకొక్కరికే ఉందనుకోకండి. 1991లో క్యాథరిన్ బాక్, క్యారల్ మిల్లర్ అనే అమెరికన్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష అయినవారి మీదే దీన్ని పరీక్షించి చూశారు. 'ద కీ టు ద క్యాబినెట్స్' లాంటి ముక్క వినిపించి, దాన్ని తిరిగి పలికి వాక్యం పూర్తి చెయ్యమన్నారు. తాళంచెవి ఒకటే, అల్మారాలు చాలా. 'వాజ్' అనాల్సిన చోట కొన్నిసార్లు 'వర్' వచ్చింది. కర్త బహువచనమై మధ్యలో ఏకవచనం ఉన్నప్పుడు మాత్రం తప్పులు అంతగా రాలేదు. అంటే మనం కాపు కాయాల్సిన చోటు తెలిసిపోయింది: ముందు ఒకటి, మధ్యలో చాలా.

ఇక పద్ధతి. ముందు క్రియ దగ్గరికి వెళ్లండి. ఏది? ఎవరు? అని అడగండి. జవాబుగా వచ్చిన మాట కింద గీత గీయండి. దాని తర్వాత ఆఫ్, టు, ఇన్, విత్ లాంటి మాటతో మొదలయ్యే ముక్క ఉంటే పెన్సిల్‌తో బ్రాకెట్లో పెట్టండి. బ్రాకెట్ వదిలేసి పైకి చదవండి. ద లిస్ట్ ఈజ్. ద కీ వాజ్. పైకే చదవాలి, తప్పు పట్టేది చెవే.

'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ వర్క్స్ ఇన్ చెన్నై.' ఈ చిన్న వాక్యంలో రెండు తప్పులకు చోటుంది. వన్ అన్నాం కదా అని ఫ్రెండ్ దగ్గరే ఆపేస్తారు. ఫ్రెండ్స్ అన్నవాళ్లు మళ్లీ వర్క్ అంటారు. రెండు చోట్లా ఎస్ ఉండాలి. ఫ్రెండ్స్‌లో ఎస్ బహువచనానిది, వర్క్స్‌లో ఎస్ ఏకవచనానిది. మళ్లీ చెబుతున్నాను: నామవాచకానికి ఎస్ చేరితే చాలామంది, క్రియకు ఎస్ చేరితే ఒక్కరు.

అలాంగ్ విత్, యాజ్ వెల్ యాజ్ వచ్చినా బ్రాకెట్ పద్ధతే. 'ద ప్రిన్సిపాల్, అలాంగ్ విత్ ద టీచర్స్, ఈజ్ కమింగ్.' మధ్యలో అండ్ ఉంటే మాత్రం ఇద్దరూ లెక్కలోకి వస్తారు, ఆర్ కమింగ్.

మన మర్యాద కూడా ఒక్కోసారి తప్పు చేయిస్తుంది. 'నాన్నగారు వచ్చారు' అనే అలవాటులో 'మై ఫాదర్ హావ్ కమ్' అనేస్తారు. నాన్నగారు ఎంత పెద్దవారైనా ఇంగ్లీషులో హాజ్ అనే అనాలి. అందులో అగౌరవం ఏమీ లేదు.

ఈ బ్రాకెట్ పనిచెయ్యని చోట్లూ ఉన్నాయి, అవి గట్టిగా గుర్తుపెట్టుకోండి. 'ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్ సిక్స్‌టీ.' ఇక్కడ చెప్పేది సంఖ్య గురించి, కాబట్టి బ్రాకెట్ పెట్టినా ఈజే. 'ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్ ఆబ్సెంట్.' ఇక్కడ రానిది పిల్లలు, కాబట్టి బ్రాకెట్ కుదరదు, ఆర్. తేడా అంతా మొదటి చిన్న మాటలో ఉంది. మోస్ట్ ఆఫ్, హాఫ్ ఆఫ్, సమ్ ఆఫ్ వచ్చినప్పుడు బ్రాకెట్ పెట్టకుండా ఆఫ్ తర్వాతి మాటనే చూడాలి. 'మోస్ట్ ఆఫ్ ద మ్యాంగోస్ ఆర్ రైప్', 'మోస్ట్ ఆఫ్ ద రైస్ ఈజ్ వెట్'. బియ్యం దగ్గర మరీ జాగ్రత్త. తెలుగులో 'బియ్యం తడిశాయి' అంటాం, ఇంగ్లీషులో బస్తాల కొద్దీ ఉన్నా రైస్‌కు ఈజ్. పాలు పొంగినా, నీళ్లు వచ్చినా అంతే: మిల్క్ ఈజ్, వాటర్ ఈజ్.