లెక్క సరిచూసుకునే వీలు

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, ఈ సభకు వచ్చిన మీ అందరికీ నమస్కారం.

2009లో బ్రిటన్ పార్లమెంటు సభ్యుల ఖర్చుల వ్యవహారంతో నా మాట మొదలుపెడతాను. సమాచార స్వేచ్ఛ చట్టం కింద కొన్నేళ్లపాటు న్యాయపోరాటం జరిగిన తరువాత, ఆ ఏడాది జూన్‌లో పార్లమెంటు తన సభ్యులు పెట్టుకున్న ఖర్చుల బిల్లులను ఇంటర్నెట్‌లో ప్రచురించింది. పేజీలు లక్షల్లో ఉన్నాయి. అయితే వాటిలో చాలా చోట్ల నల్లరంగు పూసి ఉంది. భద్రత పేరుతో, వ్యక్తిగత గోప్యత పేరుతో సభ్యుల ఇళ్ల చిరునామాలను కనపడకుండా చేశారు. పైకి ఇది సబబుగానే తోస్తుంది. కానీ అంతకు నెల ముందే ఒక దినపత్రిక చేతికి ఏ మరుగూ లేని ప్రతులు చిక్కాయి. వాటి ఆధారంగా బయటపడిన అక్రమాల్లో జనాన్ని ఎక్కువగా మండించినది చిరునామాలతోనే ముడిపడి ఉంది. కొందరు సభ్యులు తమ ‘రెండో ఇల్లు’గా నమోదు చేసే ఇంటిని మార్చుకుంటూ పోయి, ముందు ఒక ఇంటికి అయిన ఖర్చును, ఆ తరువాత ఇంకో ఇంటికి అయిన ఖర్చును ప్రజాధనం నుంచి రాబట్టుకున్నారు. చిరునామా తెలిస్తే గాని ఇల్లు మారిన సంగతి తెలియదు. పార్లమెంటు ప్రచురించిన ప్రతులు మాత్రమే దిక్కయి ఉంటే, రసీదులన్నీ కళ్లెదుటే ఉన్నా ఆ మోసం ఎవరికీ అందేది కాదు.

ఈ రోజు నేను మీ ముందు ఉంచదలచిన విషయమంతా ఈ ఉదంతంలోనే ఉంది. ప్రభుత్వం ఎన్ని పేజీలు బయటపెట్టిందో, ఎంత అందమైన పోర్టల్ కట్టిందో చూసి పారదర్శకతను అంచనా వేయలేం. బయటికి వచ్చిన సమాచారాన్ని ఒక మామూలు పౌరుడు మరో సమాచారం పక్కన పెట్టి సరిచూసుకోగలుగుతున్నాడా అన్నదే గీటురాయి. సాంకేతికతను, ఓపెన్ డేటాను నేను ఆ గీటురాయి మీదే గీసి చూస్తాను.

ప్రభుత్వ కాగితాలు చూసే హక్కు పాతదే. స్వీడన్ 1766లోనే పత్రికా స్వేచ్ఛ చట్టంలో భాగంగా అధికారిక పత్రాలను పౌరులకు తెరిచింది. అమెరికా సమాచార స్వేచ్ఛ చట్టం మీద 1966లో సంతకం జరిగింది. భారతదేశపు సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఈ చట్టాలతో పని పడినప్పుడు సాధారణంగా మొదటి అడుగు పౌరుడే వేయాలి: ఏ కాగితం ఉందో ఊహించాలి, దరఖాస్తు పెట్టాలి, గడువు దాకా ఎదురుచూడాలి, రాకపోతే అప్పీలుకు వెళ్లాలి. ఎవరూ అడక్కముందే ప్రభుత్వమే తన లెక్కలను తెరిచి పెట్టాలన్నది ఓపెన్ డేటా ఆలోచన. భారత చట్టం రాసినవారికి ఈ ఆలోచన అప్పటికే ఉంది. ప్రతి ప్రభుత్వ సంస్థ 17 రకాల వివరాలను తనంతట తానే ప్రచురించాలని, ప్రజలు దరఖాస్తు పెట్టుకునే అవసరం వీలైనంత తగ్గాలని 4వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం మొత్తంలో నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించే భాగం అదే.

2009 మేలో అమెరికా, 2010 జనవరిలో బ్రిటన్, 2012లో భారత్ ఓపెన్ డేటా పోర్టళ్లను తెరిచాయి. ఆ తరువాత అనేక దేశాలు అదే దారి పట్టాయి. కొంతకాలానికి ఎన్ని వేల డేటాసెట్లు ఉన్నాయన్నదే గొప్పగా చెప్పుకునే అంశమైంది. సంఖ్య పెరగడం సులువు. ఎవరికీ ఇబ్బంది కలిగించని పట్టికలు ఎన్నైనా పెట్టవచ్చు. ఏ కాంట్రాక్టరుకు ఏ పని ఎంతకు ఇచ్చారు, ఆ తరువాత ఆ మొత్తం ఎందుకు పెరిగింది అని చెప్పే ఒకే ఒక్క పట్టిక వాటన్నిటికన్నా బరువైనది. సాధారణంగా ఆలస్యమయ్యేది కూడా అదే.

ఇక రూపం సంగతి. ఇది సాంకేతిక నిపుణుల చాదస్తమని కొందరు అనుకుంటారు గాని, సమాచారం ఏ రూపంలో ఉందన్నదాని మీదే దాన్ని ఎవరు వాడగలరన్నది ఆధారపడి ఉంటుంది. నేను ఒకసారి ఒక కార్యాలయం ప్రచురించిన పనుల జాబితాను పరిశీలించడానికి కూర్చున్నాను. కంప్యూటర్‌లోనే తయారైన పట్టికను కాగితం మీద అచ్చు తీసి, సంతకాలు పెట్టి, ముద్రలు వేసి, దాన్ని మళ్లీ స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెట్టారు. కొన్ని పేజీలు వాలుగా ఉన్నాయి, కొన్ని అంకెల మీద ముద్ర పడింది. వందల పేజీల ఆ జాబితాను నేనూ మరో ఇద్దరు మిత్రులూ చేత్తో స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించడానికి వారాలు పట్టింది. ఎక్కించిన తరువాత, ఒకే పనికి రెండు చోట్ల బిల్లు పడిందా అని వెతకడానికి కొన్ని నిమిషాలు చాలాయి. ఆ వారాల శ్రమ అనవసరం. అసలు పట్టిక ఆ కార్యాలయం కంప్యూటర్‌లో ఉండనే ఉంది. అక్కడ ఎవరికీ దురుద్దేశం ఉందని నేను అనుకోవడం లేదు. సంతకం లేని కాగితం చెల్లదన్న అలవాటు అక్కడ అంత బలంగా ఉంది, అంతే. కానీ ఫలితం మాత్రం దాచిపెట్టినప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

2007 డిసెంబరులో కాలిఫోర్నియాలోని సెబాస్టపూల్‌లో దాదాపు 30 మంది కూర్చుని ప్రభుత్వ ఓపెన్ డేటాకు 8 సూత్రాలు రాశారు. డేటా సంపూర్ణంగా ఉండాలి, కూడికలు వేసి కుదించిన అంకెలు కాకుండా మూల వివరాలు ఇవ్వాలి, సమయానికి రావాలి, యంత్రం చదవగలిగే రూపంలో ఉండాలి, వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఉండాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. ఆ సమావేశం ఏర్పాటు చేసినవారిలో ఒకరైన కార్ల్ మలముద్ అంతకు చాలా ముందే ఒక పని చేసి చూపించారు. అమెరికాలో కంపెనీలు షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థకు సమర్పించే పత్రాలు ప్రభుత్వ పత్రాలే అయినా, కంప్యూటర్‌లో కావాలంటే ప్రైవేటు సంస్థలకు పెద్ద మొత్తం చెల్లించాల్సి వచ్చేది. ఆయన 1993 నుంచి వాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టడం మొదలుపెట్టి, వాడేవారు బాగా పెరిగాక, ఇక ఈ పని ఆపేస్తున్నానని 1995లో ప్రకటించారు. అలవాటుపడ్డ జనం ఊరుకోలేదు. ఆ సంస్థే సేవను తన చేతుల్లోకి తీసుకుంది. ఒక హక్కును వాడి చూపిస్తేనే దాని అవసరం అందరికీ అర్థమవుతుందని నాకు ఈ ఘటన నేర్పింది.

ప్రభుత్వ కొనుగోళ్ల విషయంలో ఉక్రెయిన్ చేసిన పనిని కాస్త వివరంగా చెప్పాలి. 2014 ప్రజా ఉద్యమం తరువాత అక్కడ స్వచ్ఛంద కార్యకర్తలు, సాఫ్ట్‌వేర్ నిపుణులు, కొందరు అధికారులు కలిసి ‘ప్రొజోర్రో’ అనే ఎలక్ట్రానిక్ టెండర్ల వ్యవస్థను నిర్మించారు. 2015లో ప్రయోగాత్మకంగా మొదలైన ఈ వ్యవస్థ 2016 ఆగస్టు నుంచి ప్రభుత్వ సంస్థలన్నిటికీ తప్పనిసరి అయింది. దాని సాఫ్ట్‌వేర్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. డేటా అంతా ఒకే కేంద్ర భాండాగారంలో ఉంటుంది. బిడ్లు వేసే వ్యాపారులు దానికి అనుసంధానమైన వేర్వేరు ప్రైవేటు వేదికల ద్వారా వస్తారు కాబట్టి ఏ ఒక్క వేదికకూ సమాచారాన్ని తొక్కిపెట్టే వీలు లేదు. వేలం ముగిశాక ఎవరు ఎంతకు వేశారో, ఎవరిని ఏ కారణంతో పక్కనపెట్టారో ఎవరైనా చూడవచ్చు. ‘అందరూ అన్నీ చూస్తారు’ అన్నది దాని నినాదం.

కానీ తెరిచి పెట్టినంత మాత్రాన ఎవరో ఒకరు చూస్తారన్న హామీ లేదని నిర్వాహకులే గుర్తించారు. అందుకే 2016 చివర్లో ‘డొజోర్రో’ అనే మరో వేదిక వచ్చింది. టెండరులో ఒకే కంపెనీకి సరిపోయేలా షరతులు రాశారనిపిస్తే వ్యాపారిగాని పౌరుడుగాని అక్కడ ఫిర్యాదు రాయవచ్చు. పౌర సంఘాలు దాన్ని పరిశీలించి సంబంధిత సంస్థకు, అవసరమైతే దర్యాప్తు అధికారులకు పంపుతాయి. పక్కన పడిపోయిన పోటీదారుకు తప్పు ఎక్కడ జరిగిందో అందరికన్నా బాగా తెలుసు. అతని చేతికి డేటాను, ఫిర్యాదు చేసే దారిని కలిపి ఇవ్వడమే ఈ ఏర్పాటులోని తెలివి.

డేటా ఉన్నా, దాన్ని తనిఖీ చేసే నాథుడు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి మళ్లీ బ్రిటన్‌కే వెళ్లాలి. కంపెనీలను నిజంగా నియంత్రించే వ్యక్తుల పేర్లతో 2016లో ఆ దేశం బహిరంగ రిజిస్టరు తెరిచింది. ప్రపంచంలో ఇలాంటి తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. అయితే కంపెనీలు రాసిచ్చిన వివరాలను రాసిచ్చినట్టే ఎక్కించారు. రెండేళ్లకు గ్లోబల్ విట్‌నెస్ అనే సంస్థ ఆ డేటాను జల్లెడ పడితే, రెండేళ్లు కూడా నిండని పసిపిల్లలు వేల సంఖ్యలో యజమానులుగా కనిపించారు. రిజిస్ట్రారుకు వివరాలు ప్రశ్నించే, గుర్తింపు నిర్ధారించే అధికారాలు 2023 నాటి చట్టంతో గాని రాలేదు. ఈ తప్పులు బయటపడడానికి కూడా డేటా తెరిచి ఉండడమే కారణమన్నది మరవకూడదు.

సరిచూడడం అనే మాటకు నాకు తెలిసిన గొప్ప ఉదాహరణలో కంప్యూటరే లేదు. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం తన తొలి బహిరంగ విచారణ జరిపింది. అలాంటి విచారణల్లో ప్రభుత్వ పనుల మస్టరు రోల్స్ (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు ఊరి జనం ముందు బిగ్గరగా చదివేవారు. చనిపోయినవారికి కూలి చెల్లించినట్టు, కట్టని గోడకు సిమెంటు వాడినట్టు రాసిన వరుసలు చదవగానే, నిజం తెలిసినవారు అక్కడే లేచి చెప్పేవారు. ఏ ఆడిటరుకూ దొరకని తప్పు అక్షరం రాని కూలీకి ఒక్క క్షణంలో దొరికింది, ఎందుకంటే సరిచూసేందుకు కావలసిన రెండో సగం అతని జ్ఞాపకంలోనే ఉంది. సమాచార హక్కు ఉద్యమం ఊపందుకున్నది అక్కడి నుంచే. పోర్టళ్లు నిర్మించేవారిని నేను అడిగేది ఒక్కటే: మీ పట్టికలోని వరుస, దాని నిజానిజాలు తెలిసిన మనిషి దాకా, అతని భాషలో, అతనికి వినబడేలా చేరే దారి ఏది?

ఉగాండాలో 1990వ దశకపు తొలి అర్ధభాగంలో పాఠశాలలకు కేంద్రం విడుదల చేసిన గ్రాంటులో సగటున 13 శాతమే బడులకు చేరిందని ఒక సర్వే తేల్చింది. ఆ తరువాత ప్రతి జిల్లాకు ఎంత విడుదలైందో పత్రికల్లో ప్రచురించారు, బడి గోడల మీద అతికించారు. 2001 నాటికి చేరే వాటా 80 శాతం దాటింది. ఈ మార్పులో ప్రచురణ వాటా ఎంత, అదే కాలంలో జరిగిన ఇతర సంస్కరణల వాటా ఎంత అని పరిశోధకులు వాదించుకున్నారు. ఆ వాదనను నేను గౌరవిస్తాను. రావలసింది ఎంతో తెలియని ప్రధానోపాధ్యాయుడు రానిదాని గురించి అడగలేడన్నది మాత్రం నిర్వివాదం.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. అన్నీ తెరిచేయడం ఓపెన్ డేటా కాదు. న్యూయార్క్ నగరం 2013లో జరిగిన 17 కోట్లకు పైగా టాక్సీ ప్రయాణాల వివరాలను, టాక్సీల గుర్తింపు సంఖ్యలను సంకేతాలుగా మార్చి, 2014లో అడిగినవారికి ఇచ్చింది. ఆ మార్పిడి పద్ధతి బలహీనంగా ఉండడంతో అసలు సంఖ్యలు కొద్ది గంటల్లోనే బయటపడ్డాయి. ప్రభుత్వ సహాయం పొందే పేదల పేర్లు, జబ్బులు, ఫోన్ నంబర్లు బయటపెట్టడాన్ని పారదర్శకత అనడానికి నాకు మనసొప్పదు. సహాయం ఎలా పంచారన్న నిర్ణయం బయట ఉండాలి. దాన్ని పొందిన మనిషి బతుకు బజారున పడనక్కర్లేదు. అయితే గోప్యత పేరు చెప్పి అధికారంలో ఉన్నవారు దాక్కోవడం ఎలా ఉంటుందో మొదట చెప్పిన ఉదంతంలో చూశాం. 2022 నవంబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం కంపెనీల అసలు యజమానుల రిజిస్టర్లను అందరికీ తెరవాలన్న నిబంధనను కొట్టివేసింది. ఈ గీత ఎక్కడ గీయాలన్న వాదన ఇంకా చాలాకాలం నడుస్తుంది.

ఇప్పుడు లెక్కలతో పాటు నిర్ణయాలను కూడా యంత్రాలు చేస్తున్నాయి. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేలాది కుటుంబాలపై మోసం ముద్ర వేసి, పెద్ద మొత్తాలు తిరిగి కట్టమన్నారు. అనుమానితులను ఎంచే పద్ధతిలో జాతీయత కూడా ఒక అంశంగా ఉందని తరువాత తేలింది. తమను ఎందుకు ఎంచారో ఆ తల్లిదండ్రులకు చెప్పినవారు లేరు. 2021 జనవరిలో ఆ ప్రభుత్వం రాజీనామా చేసింది, కానీ చితికిపోయిన కుటుంబాలకు అది ఏ మూలకు సరిపోతుంది? ఆమ్‌స్టర్‌డామ్, హెల్సింకీ నగరాలు తాము వాడే, కంప్యూటర్ చేత నిర్ణయాలు చేయించే సూత్రాలైన అల్గారిథమ్‌ల రిజిస్టర్లను 2020లోనే తెరిచాయి. ఏ డేటా తీసుకుంటుంది, దేన్ని ఎంత బరువుగా చూస్తుంది, తప్పయితే ఎవరిని అడగాలి అన్నవి ప్రతి ప్రభుత్వ అల్గారిథమ్‌కూ రాసి పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

చివరిగా, ప్రచురించిన అంకే అబద్ధమైతే? అర్జెంటీనాలో 2007 నుంచి కొన్నేళ్లపాటు అధికారిక ద్రవ్యోల్బణాన్ని అసలు ఉన్నదాని కన్నా చాలా తక్కువగా చూపించారు. సొంత అంచనాలు ప్రకటించిన ఆర్థికవేత్తల సంస్థలకు జరిమానాలు పడ్డాయి. విదేశంలో ఉన్న పరిశోధకులు మాత్రం పెద్ద దుకాణాలు ఇంటర్నెట్‌లో పెట్టే ధరలను ప్రోగ్రాముల ద్వారా ప్రతిరోజూ సేకరించారు. 2007-2011 మధ్య అధికారిక సగటు ఏడాదికి 8 శాతం పైచిలుకు కాగా, వారి లెక్క 20 శాతం దగ్గర తేలింది. 2013 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ద్రవ్య నిధి ఆ గణాంకాల విషయమై ఆ దేశాన్ని అధికారికంగా అభిశంసించింది.

అందుకని ఈ సభలో ఉన్న అధికారులకు, సాఫ్ట్‌వేర్ మిత్రులకు ఒక విన్నపం. ప్రచురించిన పట్టికలో అంకె మారినప్పుడు పాత అంకెను చెరిపేయకండి. ఏ తేదీన మారింది, ఎవరి ఉత్తర్వుతో మారింది, కారణం ఏమిటి అన్నవి పక్కనే ఉంచండి. ప్రోగ్రాములు రాసేవారు తమ కోడ్ విషయంలో రోజూ చేసే పనే ఇది. దీనికి కొత్త చట్టంగాని, పెద్ద ఖర్చుగాని అక్కర్లేదు. పాత ప్రతిని దించుకుని భద్రపరిచే పని మాలాంటి వాళ్లం చేస్తూనే ఉంటాం. రెండు ప్రతులు సరిపోలని రోజున మీ దగ్గరికే వచ్చి అడుగుతాం.