పాతబస్తీ లెక్క: మెజారిటీ సరే, ఓట్ల సంగతేంటి?

యాంకర్: నమస్కారం. హైదరాబాద్ లోక్‌సభ సీటు 1984 నుంచి ఒకే ఇంట్లో ఉంది. సలావుద్దీన్ ఒవైసీ వరుసగా ఆరుసార్లు గెలిచారు. 2004 నుంచి కొడుకు అసదుద్దీన్ ఐదుసార్లు. 2024లో మెజారిటీ 3,38,087. సార్, ఇక అక్కడ పోటీ లేనట్టేనా?

సీనియర్ జర్నలిస్టు: మెజారిటీ ఒక్కటే చూస్తే పప్పులో కాలేస్తామండీ. 2014లో ఆయనకు 5,13,868 ఓట్లు, 2019లో 5,17,471. ఐదేళ్లలో పెరిగినవి మూడు వేల ఆరొందలు! మెజారిటీ మాత్రం 2,02,454 నుంచి 2,82,186కి పోయింది. ఎందుకంటే అవతల బీజేపీ భగవంతరావుకి 76 వేల ఓట్లు తగ్గాయి. పోలింగ్ 45 శాతం కూడా దాటలేదు. మేమేమో బలం పెరిగిందని రాసుకున్నాం. నేనూ రాశాను, ఒప్పుకుంటా.

పొలిటికల్ సైన్స్ అధ్యాపకురాలు: ఇంకాస్త వెనక్కి వెళ్తే ఇంకా తమాషాగా ఉంటుంది. 2004లో ఆయనకు 3,78,854 ఓట్లు. 2009లో 3,08,061. అంటే 70 వేలు తగ్గాయి. అయినా మెజారిటీ 1,00,145 నుంచి 1,13,865కి పెరిగింది. మధ్యలో జరిగింది నియోజకవర్గాల పునర్విభజన. తాండూరు, వికారాబాద్, చేవెళ్ల బయటికి పోయాయి. అంతకుముందు ఇది కందిచేలు, నాపరాళ్ల గనులు కూడా ఉన్న నియోజకవర్గం. మజ్లిస్, అంటే ఒవైసీల ఎంఐఎం పార్టీ, అభ్యర్థి పల్లెల ఓట్లను కూడా లెక్కేసుకోవాల్సి వచ్చేది. బీజేపీ నేత బద్దం బాల్‌రెడ్డి లాంటివాళ్లు గట్టి పోటీ ఇవ్వగలిగారంటే ఆ హద్దుల వల్ల కూడా. ఇప్పుడు ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లూ నగరంలోవే. ఒక్క గోషామహల్ తప్ప మిగతా ఆరూ ఆ పార్టీవే.

యాంకర్: మరి 2024? బీజేపీ అభ్యర్థి మాధవీలత గారి ప్రచారం, ఆ హడావుడి...

జర్నలిస్టు: (నవ్వుతూ) హడావుడిలో మన స్టూడియో వాటా కూడా ఉంది లెండి. కానీ ఈసారి ఆయన ఓట్లు నిజంగానే పెరిగాయి. 6,61,981. అంటే లక్షా 44 వేలు ఎక్కువ. బీజేపీకి కూడా దాదాపు 89 వేలు పెరిగాయి. కాంగ్రెస్, బీఆర్ఎస్ రెండింటికీ డిపాజిట్లు పోయాయి. ఆవిడ ఎంత గట్టిగా మాట్లాడితే ఇటు జనం అంతగా బూత్‌కి కదిలారు. ఇది నా అంచనా.

పాతబస్తీ వ్యాపారి: సార్, నేనొక మాట. రేషన్ కార్డు పని, కరెంటు బిల్లు తగాదా, ఆస్పత్రిలో బెడ్డు... మజ్లిస్ ఆఫీసు దారుస్సలాంకి పోతే ఎవరో ఒకరు లెటర్ రాసిస్తారు, ఫోన్ చేస్తారు. మిగతా పార్టీలవాళ్లు మాకు ఎలక్షన్లప్పుడే కనిపిస్తారు.

అధ్యాపకురాలు: లెటర్ సరే. ఫలక్‌నుమా దాకా రావాల్సిన మెట్రో ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయింది కదా. దాని గురించి ఎవరిని అడిగారు?

వ్యాపారి: అడగలేదని ఎవరన్నారు మేడమ్? 2023లో యాకుత్‌పురా చూడండి. మజ్లిస్ నుంచి చీలిన ఎంబీటీ మీద మజ్లిస్ 878 ఓట్లతో బయటపడింది. అది అడగడం కాదా?

అధ్యాపకురాలు: అసెంబ్లీకి అడిగారు, పార్లమెంటుకి...

వ్యాపారి: పార్లమెంటుకి అవతల నిలబడ్డదెవరో చూస్తాం. ఢిల్లీలో మా తరఫున గొంతు వినపడాలి. అక్కడ మాకు మోరీల సంగతి రెండోది.

యాంకర్: ఓటింగ్ శాతం గురించి ఒక్క మాట. 2024లో కూడా 48 దగ్గరే ఆగింది.

జర్నలిస్టు: జాబితాలో 22 లక్షల పైచిలుకు పేర్లున్నాయి. పోలైన ఓట్లలో ఆయనకు 61 శాతం వచ్చాయి. అదే జాబితా మొత్తం మీద చూస్తే వందకి ముప్ఫై. అలాగని మిగతా డెబ్బై మంది ఆయనకు వ్యతిరేకమనీ చెప్పలేం. అసలు వాళ్లంతా అక్కడున్నారా అన్నది ముందు తేల్చాలి.

వ్యాపారి: మా తమ్ముడు ఇల్లు చాలక షాహీన్‌నగర్ పోయాడు. అది చేవెళ్ల కిందికొస్తుంది. ఓటు మాత్రం ఇంకా మా ఇంటి నంబరు మీదే ఉంది. పోలింగ్ రోజు ఫోన్ చేస్తే, "భాయ్, దుకాణం వదిలి ఎక్కడొస్తా" అన్నాడు.

యాంకర్: తమ్ముడిది ఏ లెక్కలో వేయాలో బ్రేక్ తర్వాత చూద్దాం.