లాడ్జి వెబ్‌సైట్‌లో ఏది కదలాలి, ఏది కదలకూడదు

నమస్కారం. తిరుపతిలో రైలు దిగిన యాత్రికుడు గది కోసం మీ లాడ్జి వెబ్‌సైట్ తెరిచాడంటే, అతనికి కావలసినవి నాలుగే సంగతులు: గది ఖాళీగా ఉందా, అద్దె ఎంత, స్టేషన్‌కు ఎంత దూరం, ఫోన్ నంబరు ఏమిటి. వాటికంటే ముందు గోపురం బొమ్మ మెల్లగా పెద్దదవుతూ, దాని మీద ‘సుస్వాగతం’ ఒక్కొక్క అక్షరంగా టైపు అవుతూ ఉంటే, అతడు ఆ పేజీ మూసి పక్క లాడ్జికి ఫోన్ చేస్తాడు.

యానిమేషన్ వద్దని నేను చెప్పడం లేదు. వచ్చినవాడు ఏదైనా చేసినప్పుడు దానికి జవాబుగా వచ్చే కదలికకే మొదటి చోటు ఇవ్వాలని చెబుతున్నాను. ‘గది బుక్ చేయండి’ అన్న బటన్‌ను నొక్కిన తరువాత తెరమీద ఏ మార్పూ కనిపించకపోతే అతడు మళ్లీ నొక్కుతాడు. ఒకే గదికి రెండు బుకింగులు పడేది అక్కడే. పదో వంతు సెకను లోపు స్పందన కనిపిస్తే మనిషికి అది వెంటనే జరిగినట్టే అనిపిస్తుందని వెబ్ వాడకం తీరుతెన్నుల నిపుణుడు జాకబ్ నీల్సన్ 1993లోనే రాశారు. కాబట్టి నొక్కగానే బటన్ రంగు మారి, ‘పంపుతున్నాం’ అన్న మాట పక్కన చిన్న చక్రం తిరిగితే చాలు.

ఇక తమంతట తామే కదిలేవాటి సంగతి. అడగకుండానే మొదలై, మిగతా సమాచారం పక్కన 5 సెకన్లకు మించి కదిలే దేనికైనా ఆపే వీలు ఉండాలని అంతర్జాతీయ వెబ్ అందుబాటు ప్రమాణాలు చెబుతున్నాయి. ఫొటోలు వాటంతట అవే మారుతూ పోయే మన స్లైడర్లలో ఆ బటన్ ఎందరు పెడుతున్నారు? సున్నా నుంచి పరుగెత్తే అంకెలంటే నాకు మరీ చిరాకు. రద్దీలో నెట్ నెమ్మదించి, ఆ అంకెలను నడిపే కోడ్ అయిన జావాస్క్రిప్ట్ రాకపోతే, పాతికేళ్లుగా నడుస్తున్న వ్యాపారం ‘0 ఏళ్ల అనుభవం’ అని తానే చాటుకుంటుంది. స్క్రోల్ చేస్తేనే తేలివచ్చే పేరాలకూ ఇదే గతి. స్క్రిప్ట్ అందకపోతే అక్కడ తెల్లటి ఖాళీయే మిగులుతుంది.

సైట్ చేసే కుర్రవాడికి ఒక్క మాట చెప్పండి: వెడల్పు, ఎత్తు, స్థానం మార్చే యానిమేషన్ వల్ల బ్రౌజర్ పేజీ అమరికను ప్రతి ఫ్రేముకూ మళ్లీ లెక్కించవలసి రావచ్చు, కానీ పేజీ రూపాన్ని తీర్చే భాష సీఎస్ఎస్‌లోని ట్రాన్స్‌ఫార్మ్ (జరపడం, తిప్పడం), ఒపాసిటీ (పారదర్శకత)లతో చేస్తే సాధారణంగా ఆ భారం ఉండదు. చవక ఫోన్లలో ఈ తేడా కంటికి కనిపిస్తుంది.

అయితే కదలికే సరుకును చూపించే చోట్లూ ఉన్నాయి. శ్రీకాళహస్తి కలంకారీ అమ్మేవారిని కొనేవారు అడిగే మొదటి ప్రశ్న, అది చేత్తో గీసిందా, అచ్చు వేసిందా అన్నదే. కలం గుడ్డ మీద గీత గీస్తున్న చిన్న వీడియో ఆ సందేహాన్ని పేరాలకంటే బాగా తీరుస్తుంది. అదైనా నొక్కితేనే మొదలు కావాలి. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి ఆ అవసరం కూడా లేదు, అక్కడ కొనేవారు చూసేది బ్రిక్స్ (తీపి కొలత) ఎంత, ప్యాకింగ్ ఏమిటి అన్న పట్టికనే.

కదిలే తెర చూస్తే కళ్లు తిరిగేవారు, వికారం పుట్టేవారు ఉంటారు. వారి కోసం ఫోన్లలో యానిమేషన్లను తగ్గించే సెట్టింగ్ ఉంది, దాన్ని గుర్తించే ఏర్పాటు సీఎస్ఎస్‌లోనూ ఉంది. సైట్ చేసినవారికి చివరి డబ్బు ఇచ్చేముందు, మీ ఫోన్‌లో ఆ సెట్టింగ్ పెట్టి మీ పేజీని ఒకసారి తెరవండి. అద్దె, నంబరు అప్పటికీ కనిపించాలి, బుకింగ్ అప్పటికీ జరగాలి. అవి జరగకపోతే పని ఇంకా పూర్తి కాలేదని వారికే చెప్పండి.