భోగి మంట దగ్గర ఐర్లాండ్ స్వెట్టర్

హాయ్ అండీ! ఈసారి పండక్కి విజయవాడలో ఉన్నాం. ఇది సత్యనారాయణపురం, మా అమ్మావాళ్ల వీధి. ఇంకా తెల్లవారలేదు, భోగి మంట మాత్రం అంటించేశారు. నేను వేసుకున్నది డబ్లిన్ నుంచి తెచ్చుకున్న ఆరన్ స్వెట్టర్. ఇక్కడ చలి 18 డిగ్రీలు. డబ్లిన్‌లో 18 వచ్చిందంటే జనం టీషర్టులతో పార్కుల్లో దొర్లుతారు. పండగ ఫొటోల కోసం ఈ మాత్రం చెమట పర్లేదులెండి.

ఐర్లాండ్ పడమటి తీరాన, గాల్వే వైపు, ఆరన్ దీవులు మూడున్నాయి. ఈ అల్లిక వాళ్లది. రంగు వేయని గొర్రె ఊలు కాబట్టి ఈ మీగడ రంగు. ఒక్కో కుటుంబానికి ఒక్కో అల్లిక ఉండేదని, సముద్రంలో పోయిన జాలరిని దాన్నిబట్టే గుర్తుపట్టేవారని అక్కడ షాపుల్లో చెబుతారు. అది అమ్మకాల కోసం పుట్టిన కథే. ఈ డిజైన్లు 20వ శతాబ్దం మొదట్లో వచ్చినవి.

అదిగో, చేతి మీద నిప్పురవ్వ పడింది. "తీసెయ్యవే, అంటుకుంటుంది!" అని అమ్మ కంగారు. చూడండి, చిన్న నల్ల చుక్క. గోటితో గీకితే పొడిలా రాలిపోయింది. ఊలు తొందరగా అంటుకోదు, కరిగి ఒంటికి అతుక్కోదు. కరిగి అతుక్కునే భయం పాలిస్టర్ లాంటి వాటితో. పిల్లలకి పాలిస్టర్ జాకెట్లు తొడిగి మంట దగ్గరికి పంపకండి.

ఇంటికొచ్చేసరికి స్వెట్టరంతా పొగ వాసన. అమ్మ అప్పటికే బకెట్లో సర్ఫు కలిపేసింది. విడిచిన బట్ట ఉతక్కుండా మళ్లీ వేసుకోవడమంటే మా ఇంట్లో మహాపాపం! కానీ ఊలుకి కావాల్సింది గాలి. నీడలో ఒక రోజు పరిస్తే వాసన దానంతటదే పోతుంది. ఇందుకు మా నాన్నగారి నవారు మంచాన్ని మించింది లేదు, కిందనుంచి కూడా గాలి ఆడుతుంది.

మరీ మురికైతే చల్లటి నీళ్లు, కాస్త బేబీ షాంపూ. పట్టుచీరలకి వాడే కుంకుడు రసం మంచిదే గానీ, ఈ లేత రంగు మీద మరక పడుతుందేమోనని నేను వాడను. మామూలు సబ్బు పొడుల్లో చాలావాటికి ప్రొటీన్‌ని కరిగించే ఎంజైములు ఉంటాయి. ఊలు కూడా ప్రొటీనే మరి! వేడినీళ్లలో రుద్దితే పోగుల మీది పొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని, స్వెట్టర్ ముడుచుకుపోతుంది. ఇక సాగదు. పిండకూడదు. తువాల్లో చుట్టి అదమండి, రెండు చేతులతో ఎత్తి మంచం మీద పరచండి. హ్యాంగర్‌కి వేలాడదీస్తే తడి బరువుకి చేతులు మోకాళ్లదాకా వస్తాయి.

బీరువాలో పెట్టేముందు మాత్రం తప్పకుండా ఉతకాలి. చెమట, నూనె మరకలున్న చోటే పురుగు ముందు కొరుకుతుంది. పాత నూలు చీరలో చుట్టి, కలరా ఉండలు ఊలుకి తగలకుండా మూలన పెడితే చాలు. వాటికోసమే నాన్నగారు బజారుకి బయల్దేరారు. ఆయన వచ్చేలోగా పిన్ని వేసిన రథం ముగ్గు చూద్దాం రండి.