సిసిలీ తోటలు, నీళ్లు తిప్పే చేతులు

అందరికీ నమస్కారం.

సిసిలీలో ఒక పల్లెటూరి పెద్దాయన 'జార్దీనో'కి వెళ్తున్నానంటే షికారుకని కాదు, నిమ్మచెట్లకు నీళ్లు పెట్టడానికని అర్థం. ఇటలీలో మిగతా చోట్ల ఆ మాటకు పూల ఉద్యానమనే అర్థం. సిసిలీలో మాత్రం నారింజ, నిమ్మ తోటలనే అలా పిలుస్తారు. మనకిది వింతగా అనిపించదు. మనకు పూలతోటా తోటే, మామిడితోటా తోటే. నేను గూడూరు వైపు నిమ్మతోటల మధ్య పెరిగినవాణ్ణి. ఈ ద్వీపం గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు మొదట నన్ను పట్టుకున్నది ఆ ఒక్క మాటే. తోట అంటే అందమూ, బతుకూ ఒకటేనని అక్కడి జనం కూడా అనుకున్నారన్నమాట.

అరబ్బులు సిసిలీలో అడుగుపెట్టింది 827లో. అక్కడి ముఖ్య నగరం పలెర్మో వాళ్ల చేతికి వచ్చింది 831లో. పుల్ల నారింజ, నిమ్మ, చెరకు వాళ్లతోనే అక్కడికి చేరాయి. ఈ పంటల్లో చాలావాటికి మూలం మన ఆసియా నేలే. నారింజ పేరునే చూడండి. సంస్కృతంలో నారంగం, పర్షియన్‌లో నారంగ్, అరబ్బీలో నారంజ్, ఇటాలియన్‌లో అరాంచా. అసలు ఆ మాట దక్షిణ భారత భాషల్లోనే పుట్టి ఉండవచ్చని చాలామంది భాషావేత్తలు అంటారు. 

చెట్లు తేవడం కష్టమేమీ కాదు. వానాకాలమంతా చలికాలంలోనే ముగిసిపోయే దేశంలో, నాలుగైదు నెలల మండు వేసవిలో వాటిని బతికించడమే కష్టం. అందుకే ఆ తోటల్లో నీటి మాటలన్నీ ఇప్పటికీ అరబ్బీవే. నీళ్లు నిలవ చేసే తొట్టి జెబ్బియా. కాలువ సాయియా. కంచరగాడిద చుట్టూ తిరిగితే బావిలోంచి నీళ్లు తోడే చక్రం సేనియా. చివరికి నారింజ పూతను కూడా జాగరా అంటారు, అరబ్బీలో పువ్వుకున్న జహర్ అనే మాట నుంచి. రాజ్యం పోయింది, మతం మారింది, భాష మారింది. తోటలో పనిచేసేవాడి నోట్లో ఆ నాలుగు మాటలు మాత్రం వెయ్యేళ్లు నిలిచాయి.

1072లో పలెర్మోని గెలుచుకున్న నార్మన్లు, ఉత్తర ఫ్రాన్స్ మూలాలున్న పాలకులు, ఆ నీటి విద్యను పాడుచేయలేదు. పైగా దానితోనే విలాసం కట్టుకున్నారు. 1184 చివర్లో మెస్సీనా దగ్గర ఓడ దెబ్బతిని ఒడ్డుకు చేరిన అండలూసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్, పలెర్మో చుట్టూ ఉన్న రాజుగారి భవనాలను పడుచు మెడలోని హారంతో పోల్చాడు. వాటిలో జీసా భవనం ఇప్పటికీ నిలిచి ఉంది. 1165 ప్రాంతంలో మొదటి విలియం మొదలుపెట్టాడు, కొడుకు పూర్తి చేశాడు. కింది హాల్లో గోడ లోంచి నీళ్లు వచ్చి, ఏటవాలుగా పెట్టిన పాలరాతి పలక మీద పడేవి. ఆ పలక నున్నగా ఉండదు. నీళ్లు గలగలలాడేలా గీతలు గీతలుగా చెక్కి ఉంటుంది. అక్కడి నుంచి నేలలోని సన్నటి కాలువ గుండా బయటి కొలనులోకి వెళ్లేవి. సముద్రపు గాలి ఆ కొలను మీదుగా చల్లబడి హాల్లోకి వచ్చేది. ఏసీ లేని రోజుల్లో నీళ్లతోనూ గాలితోనూ చేసిన ఏర్పాటిది. 2015లో యునెస్కో పలెర్మోలోని అరబ్-నార్మన్ కట్టడాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు జీసాని కూడా చేర్చింది. భవనం మిగిలింది కానీ, దాని చుట్టూ రాజుగారు వేయించిన పెద్ద తోట మిగల్లేదు.

ఇక రైతుల సంగతికొస్తాను. నాకు అసలు ఇష్టమైన భాగం ఇదే.

సిసిలీ నిమ్మ రైతులు జూన్, జులై నెలల్లో తోటకు నీళ్లు ఆపేస్తారు. ఆకు ముడుచుకుని, చెట్టు వాడిపోయే దాకా చూస్తారు. అప్పుడు ఎరువు వేసి ఒక్కసారిగా నీళ్లు వదులుతారు. ఆ దెబ్బకు చెట్టు ఆగస్టు, సెప్టెంబరుల్లో విరగపూస్తుంది. ఆ కాయలు మరుసటి వేసవికి, మార్కెట్లో నిమ్మకాయే దొరకని రోజుల్లో, పచ్చగా ఉండగానే కోతకొస్తాయి. వాటిని 'వెర్దెల్లి' అంటారు. ఇది చదివినప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చారు. మన నిమ్మ, బత్తాయి రైతులు తోటను బెట్ట పెట్టి పూత తెప్పించడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఎన్నాళ్లు ఆపాలన్నది ఏ పుస్తకమూ చెప్పదు. రెండు రోజులు ఎక్కువైతే చెట్టే ఎండిపోతుంది. పొద్దున్నే ఒక ఆకు మడిచి చూసి "ఇంకో నాలుగు రోజులు ఆగుదాం" అనేవారు నాన్న. ఆ నాలుగు రోజులూ ఇంట్లో అందరికీ టెన్షనే.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ నిమ్మకాయలే పలెర్మోకి డబ్బు తెచ్చాయి. కొండల మధ్య నగరాన్ని చుట్టుకున్న ఆ మైదానాన్ని 'కోంకా దోరో' అంటారు, బంగారు చిప్ప అని అర్థం. ఓడల కొద్దీ కాయలు ఇంగ్లండుకీ అమెరికాకీ వెళ్లేవి. డబ్బున్న చోటికి దౌర్జన్యం వచ్చింది. తోటకు కాపలా, నీటికి వంతు, రెండూ బెదిరించేవాళ్ల చేతుల్లోకి పోయాయి. 1876లో సిసిలీ అంతా తిరిగి చూసిన ఇటలీ పరిశోధకుడు లెయొపోల్దో ఫ్రాంకెట్టి ఈ నిమ్మతోటల్లోని హింస గురించి వివరంగా రాశాడు. మాఫియా వేళ్లు వెతికితే అవి ఈ తోటల్లోనూ తగులుతాయి. 1950ల నుంచి ఆ తోటలనే నరికి అపార్ట్‌మెంట్లు లేపారు. 'పలెర్మో దోపిడీ' అని ఇటలీలో ఇప్పటికీ అంటారు. బంగారు చిప్పలో మిగిలిన కొద్ది పచ్చదనంలో చియాకుల్లి ఒకటి. అక్కడి కమలాలు ఆలస్యంగా, జనవరి తర్వాత పండుతాయి. దగ్గర్లోనే మారేదోల్చే అనే కోట ఉంది. రాజుల కాలంలో దాని చుట్టూ సరస్సు ఉండేది. ఆ సరస్సు ఎండిన అడుగులో తర్వాతి వాళ్లు కమల చెట్లు నాటారు. 2015లో కార్లో స్కార్పా ఉద్యాన పురస్కారం ఆ చోటుకే ఇచ్చారు. రాజు జలక్రీడల చోటును రైతు తోటగా మార్చుకోవడం కూడా వారసత్వమేనని ఒప్పుకున్నందుకు నాకు చాలా సంతోషం వేసింది.

అగ్రిజెంతోలో, గ్రీకు గుళ్ల పక్క లోయలో కొలింబేత్ర అని ఐదు హెక్టార్ల తోట ఉంది. క్రీస్తుపూర్వం 480లో సిసిలీ గ్రీకులకూ కార్తేజ్ సేనకూ జరిగిన హిమేరా యుద్ధంలో పట్టుబడ్డ ఖైదీలతో తవ్వించిన పెద్ద కొలను అదేనంటారు. తర్వాత అది పూడిపోయింది. మెత్తటి ఒండ్రు, పక్కనే నీళ్లు, ఇంకేం కావాలి? నారింజ తోట అయింది. కొండను తొలిచిన పాతకాలపు సొరంగాల్లోంచి ఇప్పటికీ నీళ్లు వస్తున్నాయి. ఇరవయ్యో శతాబ్దం చివర్లో పట్టించుకునేవాళ్లు లేక కలుపు కమ్మేసింది. 1999లో ఫాయ్ అనే ఇటలీ వారసత్వ సంస్థ దాన్ని తీసుకుని బాగుచేసింది. పంపులూ పైపులూ పెట్టి చేతులు దులుపుకోలేదు, పాత పద్ధతినే నిలబెట్టింది. తొట్టిలోంచి కాలువ, కాలువలోంచి ప్రతి చెట్టు చుట్టూ మట్టితో కట్టిన పాదులోకి. ఒక మనిషి పార పట్టుకుని గట్టుకు గండి పెడతాడు, పాదు నిండగానే అదే మట్టితో మూసి నీళ్లను పక్క చెట్టుకు తిప్పుతాడు. మన మడవ కట్టడమే కదా ఇది! ఆ పని తెలిసిన ముసలివాళ్లు ఇంకా బతికి ఉండగానే ఆ తోట చేతికి రావడం అదృష్టం. ఇంకో ఇరవై ఏళ్లు ఆలస్యమై ఉంటే చెట్లు మళ్లీ నాటుకోవచ్చు, కానీ నీళ్లు ఎటు తిప్పాలో ఎవరు చెబుతారు?

చివరగా పాంతెల్లెరియా. సిసిలీకీ ట్యునీషియాకీ మధ్య ఉన్న చిన్న అగ్నిపర్వత ద్వీపం. వాగు లేదు, తీపినీటి ఊట లేదు. ఆగని గాలి. అయినా అక్కడి రైతుకు ఇంట్లో ఒక నారింజ చెట్టు కావాలి. అందుకని నల్లటి లావా రాళ్లను సున్నం, మట్టి ఏమీ లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి గుండ్రంగా గోడ కట్టాడు. మీటరుకు పైగా మందం, కొన్నిచోట్ల నాలుగు మీటర్ల ఎత్తు. లోపల ఒకే ఒక్క చెట్టు. గోడ గాలిని ఆపుతుంది. రాత్రి రాళ్ల మీద పట్టిన మంచు తడి లోపలి నేలకు చేరుతుంది. ఆ తడే చెట్టుకు నీరు. దానినీ జార్దీనో అనే పిలుస్తారు. 2008లో ఒక ద్రాక్షసారా సంస్థ అలాంటి తోట ఒకదాన్ని బాగుచేయించి ఫాయ్‌కి అప్పగించింది. గోడకు తలుపు చాలా చిన్నది, వంగి లోపలికి వెళ్లాలి. గాలికి భయపడి చెట్టు కూడా గోడ ఎత్తును మించి పెరగదు. కొమ్మలు కిందికే వాలి, లోపలున్న చోటంతా నిండిపోతుంది. బయటి నుంచి చూస్తే నల్లటి రాళ్లు మాత్రమే కనిపిస్తాయి. పూత కాలంలో మాత్రం జాగరా వాసన గోడ దాటి వస్తుంది.